వంక పోరంబోకును కాపాడేదెవరు? తిరుపతి పాలనపై ఒక స్వతంత్రుని వాదన

(తిరుపతి స్టూడియోలో జరిగిన చర్చ నుంచి కొంత భాగం. పాల్గొన్నవారు: కార్పొరేటరుగా స్వతంత్రంగా పోటీ చేయదలచిన న్యాయవాది, పట్టణ ప్రణాళికా విభాగంలో పనిచేసి విరమించిన అధికారి.)

వ్యాఖ్యాత: తిరుపతి 2007లో నగరపాలక సంస్థ అయింది, కానీ తొలి పాలకవర్గ ఎన్నికలు 2021లో గాని జరగలేదు. ఇన్నేళ్ళు ఎన్నికైన సభ్యులు లేకుండానే ఊరు నడిచినప్పుడు, ఇప్పుడు ఒక స్వతంత్రుడు వచ్చి మార్చగలిగేది ఏముందండీ?

న్యాయవాది: ఊరు నడిచింది నిజమేనండీ, ఎటు నడిచిందో 2021 నవంబరు వానలు చూపించాయి. శేషాచలం మీద కురిసిన నీరు కపిలతీర్థం వైపు నుంచి దిగి, దక్షిణాన స్వర్ణముఖిని చేరడానికి వెనకటి దారులే వెతుక్కుంది. ఆ దారుల్లో ఇళ్ళున్నాయి గనుక వీధుల్లోకి వచ్చింది. మాస్టర్ ప్లాన్ తయారుచేసేది 1981లో ఏర్పడిన తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ (తుడా), స్మార్ట్ సిటీ పనులు చేసేది విడిగా పెట్టిన కంపెనీ, చెరువుల కొలతలు ఉండేది రెవెన్యూ దస్తరంలో. మోకాలిలోతు నీళ్ళు వచ్చినప్పుడు జనం తలుపు తట్టేది మాత్రం కార్పొరేటరు ఇంటినే.

విశ్రాంత అధికారి: అది చట్టం చేసిన ఏర్పాటేనండీ. రాజ్యాంగ 74వ సవరణ పన్నెండో షెడ్యూలులో పట్టణ ప్రణాళికను మొదటి అంశంగా చేర్చిన మాట వాస్తవమే, కానీ 243డబ్ల్యూ అధికరణం ప్రకారం ఆ అధికారాన్ని అప్పగించడం, మానడం రాష్ట్ర శాసనసభ ఇష్టం. పైగా ప్రణాళిక ఊరి హద్దు దగ్గర ఆగదు. అదే నవంబరులో రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్ళను ఖాళీ చేయించారు, ఆ చెరువు నగరంలో లేదు కదా!

న్యాయవాది: తుడాను తీసేయమని నేనడం లేదు. కొత్త లేఅవుటుకు అనుమతి ఇచ్చేముందు, ఆ స్థలంలో వంక, అంటే వాననీరు పారే వాగు ఎక్కడుందో, పై చెరువు మొరవ (నిండిన చెరువు నీరు పొర్లే దారి) పోతే నీరు ఎటు పారుతుందో చూపే పటాన్ని కౌన్సిల్ ముందు పెట్టాలంటున్నాను.

విశ్రాంత అధికారి: యాభై డివిజన్లున్న సభలో మీరు ఒక్కరు. తీర్మానాన్ని బలపరిచేవారు ఎవరు?

న్యాయవాది: మన పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి, పురపాలక ఎన్నికలు గుర్తుల మీద జరుగుతాయి. మురుగుకాలువకు పార్టీ ఏమిటో నాకు ఇప్పటికీ బోధపడలేదు. తీర్మానం ఓడినా, ఎవరు ఏమన్నారన్నది మినిట్స్‌లో ఉంటుంది. అదే లేఅవుటులో రేపు ఇల్లు కొనే మనిషి దాన్ని అడిగి తీసుకోగలడు.

వ్యాఖ్యాత: యాత్రికుల భారం సంగతి?

న్యాయవాది: 2011 జనగణనలో ఊరి జనం మూడు లక్షలకు లోపే. కొండకు వచ్చిపోయే వేలమంది తాగే నీరు, వదిలే చెత్త మాత్రం రోజూ ఉంటాయి, వారు ఏ జనగణనలోనూ మన ఊరి లెక్కలోకి రారు. ఇది ఇంకో రోజు తేల్చవలసిన పద్దు.

వ్యాఖ్యాత: పటం విషయానికే వద్దాం. అది సాధ్యమేనా?

విశ్రాంత అధికారి: సాధ్యమే. సర్వే నంబరు వారీగా ఎఫ్‌ఎంబీలో, అంటే రెవెన్యూ వారి భూమి కొలతల పుస్తకంలో, వంక పోరంబోకు (వాగు పారే ప్రభుత్వ భూమి) గీసే ఉంటుంది. దాని మీద లేఅవుటు నక్షాను పరిచి చూడటానికి కొత్త చట్టం అక్కరలేదు, ఒక సర్వేయరు, రెండు రోజుల పని. నా సర్వీసులో మేము ప్రతిసారీ అలా చేశామని మాత్రం చెప్పలేను.