చీకట్లో ఎవరి కుక్క మొరిగింది?

రకూన్ అంటే రాత్రిపూట తిరిగే, చెట్లెక్కే చిన్న జంతువు; దాని వేటకని పెంచే జాతి కుక్కలే కూన్‌హౌండ్లు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఈ కుక్కలతో రకూన్ వేటకు వెళ్లే కుర్రాళ్లు తగ్గిపోతున్నారు అనగానే, "ఈ కాలం పిల్లలు ఫోన్ వదలరు కదా" అనేస్తారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ వేటలో అసలు ఏం నేర్చుకోవాలో తెలిస్తే అలా అనరు.

మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వన్యప్రాణుల వేట నేరం. అక్కడ చాలా రాష్ట్రాల్లో లైసెన్సు ఉంటే రకూన్ వేట ఇప్పటికీ చట్టబద్ధమే. కాబట్టి దీన్ని చట్టం ఆపలేదు.

చిన్నప్పుడు వీధి మలుపులో నాన్న బండి చప్పుడు వినగానే టీవీ కట్టేసి పుస్తకం తీసేవాళ్లం. అలాంటి బండ్లు వీధిలో పది తిరిగినా మన బండి ఏదో తెలిసిపోయేది. ఎవరూ నేర్పలేదు. ఆ ఇంట్లో ఏళ్ల తరబడి విన్నాం, అంతే.

ఈ వేట మొత్తం అదే. రాత్రిపూట కుక్కల్ని వదులుతారు, అవి చీకట్లో కలిసిపోతాయి. మనుషులు లైట్లు ఆర్పి, నోరు మూసుకుని వింటారు. వాసన పట్టి పరుగెత్తేటప్పుడు చాలా కుక్కలు గొంతు సాగదీసి అరుస్తాయి. రకూన్ ఎక్కిన చెట్టు దొరికాక ఒక పొడుగు అరుపు. ఆ తర్వాత గొడ్డలితో కట్టెలు కొట్టినట్టు, పొట్టిగా, ఆగకుండా మొరుగుతాయి. బండి మలుపు తిరిగిందా, గేటు ముందు ఆగిందా అన్నది మనకు లోపలి నుంచే తెలిసేది చూడండి, అలాగే.

యునైటెడ్ కెనెల్ క్లబ్ అనే అమెరికా కుక్కల సంఘం పెట్టే రాత్రి పోటీల్లో నాలుగు కుక్కల్ని కలిపి వదులుతారు. జాడ పట్టి మొరుగుతున్నది తన కుక్కే అని గొంతును బట్టి చెప్పాలి. మొదట చెప్పినవాళ్లకు 100 పాయింట్లు, తర్వాత 75, 50, 25. చెట్టు దగ్గర తన కుక్క మొరుగుతోందని మొదట చెప్పినవాళ్లకు 125. ఆ పోటీలో రకూన్‌ను చంపరు. నలుగురు మనుషులు చీకట్లో నిలబడి చెవులతో ఆడే ఆట అది. నాకు ఈ విషయం మీద ఇంత ఇష్టం అందుకే.

మరి హాస్టల్లో పెరిగిన పిల్లాడికి నాన్న బండి చప్పుడు ఎలా తెలుస్తుంది? తప్పు వాడిదా? ఆ చెవి రావాలంటే తాతో మామయ్యో పక్కన ఉండాలి, ఒక రాత్రి కాదు, ఎన్నో రాత్రులు. చదువుకో ఉద్యోగానికో పట్నం వెళ్లిన కుర్రాడికి ఆ రాత్రులు ఎక్కడివి?

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. భూమి: కుక్కకు సర్వే రాళ్లు తెలియవు, ఒక్క రాత్రిలో మైళ్లు తిరుగుతుంది. పెద్ద కమతాలు ముక్కలై ఇళ్ల స్థలాలయ్యాక ఎంతమంది గడప తొక్కి అనుమతి అడుగుతారు? డబ్బు: 1970ల చివర్లో రకూన్ తోలుకు మంచి ధర ఉండేది, కుర్రాళ్లకు చేతిఖర్చులు వచ్చేవి. 1980ల చివర్లో ఆ మార్కెట్ కుప్పకూలింది. ఇక కుక్క ఎక్కడుందో స్క్రీన్ మీద చూపించే మెడపట్టీ, జీపీఎస్ కాలర్. కుక్క తప్పిపోదు, రోడ్డెక్కితే తెలుస్తుంది. మంచిదే, కాదనను. కానీ స్క్రీన్ చూస్తే చాలు, చెవి పెట్టే అవసరం తగ్గింది.

అలబామా రాష్ట్రంలో చెరోకీ ఊరి దగ్గర కూన్‌హౌండ్లకు మాత్రమే ఒక శ్మశానం ఉంది. 1937లో కీ అండర్‌వుడ్ అనే వేటగాడు ట్రూప్ అనే తన కుక్కను అక్కడ పూడ్చిపెట్టడంతో మొదలైంది. అక్కడ చోటు దొరకాలంటే అది నిజంగా రకూన్ వేటాడిన కుక్కే అని యజమాని ఒక్కడు చెబితే సరిపోదు, ఇంకొకరు సాక్ష్యం చెప్పాలి.