పుస్తకం మూశాక చదువు: పాడ్‌కాస్ట్ సంభాషణ పాఠం

మేడమ్: శ్రోతలందరికీ నమస్కారం. ఇంటర్‌లో నా చేత పద్యాలు అప్పజెప్పించిన మా మాస్టారు ఈరోజు కూడా నాతో ఉన్నారు. పోయినసారి మాట ఇచ్చిన ప్రకారం, పాఠ్యపుస్తకంలో ఒక కొత్త అధ్యాయాన్ని మొదటిసారి తెరిచినప్పుడు దానిని ఎలా చదవాలో ఈరోజు చెప్పుకోబోతున్నాము. మాస్టారూ, ముందే మనవి చేస్తున్నాను, ఈరోజు అవధానం ఊసు ఎత్తకూడదు.

మాస్టారు: నేనెప్పుడు ఎత్తానమ్మా? అదే వచ్చి నా మాటల్లో కూర్చుంటుంది. సరే, పది నిమిషాల దాకా ఎత్తను.

మేడమ్: గుంటూరు బస్సులో కూడా ఇదే మాట అన్నారు.

మాస్టారు: ఆ బస్సు సంగతి శ్రోతలకు ఇప్పటికి చాలాసార్లు చెప్పావు. విషయానికి రా.

మేడమ్: కొత్త అధ్యాయాన్ని మొదటి వాక్యంతో మొదలుపెట్టవద్దు. ముందు చివరికి వెళ్లి ప్రశ్నలు చూడండి. మన తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాలలో అతిస్వల్ప, స్వల్ప, దీర్ఘ సమాధాన ప్రశ్నలను విడివిడిగా ఇస్తారు కనుక, ఆ అధ్యాయంలో బరువంతా ఎక్కడుందో అక్కడే తెలిసిపోతుంది. ఆ తరువాత శీర్షికలను, పటాల కింద ఉన్న వాక్యాలను చూసుకుంటూ వెళ్లి, ప్రతి శీర్షికనూ ఒక ప్రశ్నగా మార్చుకోవాలి. 'ద్వంద్వ ప్రసరణ' అని కనిపిస్తే, 'ఒక చుట్టు పూర్తయ్యేలోపు రక్తం గుండెలోకి రెండుసార్లు ఎందుకు రావాలి' అని ప్రశ్నించుకొని, జవాబు కోసం చదవాలి. ఫ్రాన్సిస్ రాబిన్సన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1940లలోనే ఈ పద్ధతికి ఎస్‌క్యూ3ఆర్ అని పేరు పెట్టారు. పైపైన చూడడం, ప్రశ్న వేసుకోవడం, చదవడం, చూడకుండా అప్పజెప్పుకోవడం, తిరిగి సరిచూసుకోవడం, ఇవి అందులోని అయిదు మెట్లు, వాటి ఆంగ్ల పేర్ల మొదటి అక్షరాలతోనే ఆ పేరు వచ్చింది.

మాస్టారు: నాలుగోది ఏమన్నావు?

మేడమ్: అప్పజెప్పుకోవడం.

మాస్టారు: అంటే ధారణ, మనసులో నిలుపుకొని చూడకుండా తిరిగి చెప్పడం.

మేడమ్: మాస్టారూ, ఇంకా మూడు నిమిషాలే అయింది.

మాస్టారు: నేను అవధానం అనలేదు, ధారణ అన్నాను. మీరందరూ మొదటి మూడు మెట్ల గురించి గంటలకొద్దీ చెప్పి, నాలుగో మెట్టు దగ్గరకు రాగానే పిల్లల చేతికి పసుపు పెన్ను ఇస్తారు. మొన్న మా మనవడి పుస్తకం తెరిచి చూస్తే ఒక పుటలో ఇరవై ఏడు వరుసలుంటే ఇరవై నాలుగు పసుపు రంగులో ఉన్నాయి. మిగిలిన మూడు వరుసలు ఏం పాపం చేశాయిరా అని అడిగితే, పెన్ను ఎండిపోయింది తాతయ్యా అన్నాడు.

మేడమ్: ఆ పసుపు పెన్ను నా చేతిలో కూడా ఉండేది కనుక నేను నవ్వలేను. ఎమ్మెస్సీలో ఉన్నప్పుడు జీర్ణవ్యవస్థ అధ్యాయాన్ని అయిదుసార్లు చదివాను. ఏ ఎంజైము పేరు ఏ పుటలో ఏ మూలన ఉందో కళ్లు మూసుకొని చూపించగలిగేదాన్ని. మౌఖిక పరీక్షలో ఎదుట కూర్చున్నాయన, క్లోమరసం ఆంత్రమూలంలోకి చేరాక ఏం జరుగుతుందో వరుసగా చెప్పమని అడిగారు. నాకు ఆ పుట కనిపిస్తోంది, పసుపు గీతలు కనిపిస్తున్నాయి, మాట మాత్రం ఒక్కటీ రాలేదు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మాస్టారు: ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేమమ్మా?

మేడమ్: మీకు చెబితే పద్యం అప్పజెప్పమంటారని చెప్పలేదు. అయిదుసార్లు చదివినందువల్ల నాకు పాఠం పరిచయమైంది, అంతే. పరిచయాన్నే జ్ఞాపకం అనుకొని మోసపోయాను. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు సరిగ్గా దీనినే పరీక్షించారు. కళాశాల విద్యార్థులకు చిన్న చిన్న పాఠాలిచ్చి, కొందరి చేత రెండుసార్లు చదివించారు, మరికొందరి చేత ఒకసారి చదివించి, రెండోసారి చూడకుండా గుర్తున్నదంతా రాయించారు. అయిదు నిమిషాల తరువాత అడిగితే రెండుసార్లు చదివినవారే గెలిచారు, వారికి 81 శాతం, రాసినవారికి 75 శాతం గుర్తుంది. వారం తరువాత అడిగితే చదివినవారికి 42 శాతం, రాసినవారికి 56 శాతం గుర్తుంది. రాసినవారికి తమ తప్పులేవో ఎవరూ చెప్పలేదు, అయినా ఇంత తేడా వచ్చింది.

మాస్టారు: మొదటి అంకెలోనే అసలు కిటుకు ఉంది. పరీక్ష హాలు గుమ్మం ముందు పుస్తకం తిరగేసేవాడికి ఆ అయిదు నిమిషాల లాభం చేతికి అందుతుంది కనుక, తన పద్ధతే సరైనదని వాడు జీవితాంతం నమ్ముతాడు. ఇప్పుడు పది నిమిషాలు అయ్యాయా?

మేడమ్: కాలేదు. కానీ మిమ్మల్ని ఆపడం నావల్ల కాదు.

మాస్టారు: అష్టావధానంలో ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఎనిమిది మంది ఉంటారు. సమస్య, అంటే పద్యంగా పూరించమని ఒక పాదం, ఇచ్చినవారికి ఒక పాదం చెప్పి అవధాని పక్కకు వెళ్లిపోతాడు. తామిచ్చిన పదాలతో పద్యం అడిగే దత్తపది వారికి ఒక పాదం, వర్ణన అడిగినవారికి ఒక పాదం, నడుమ ఫలానా అక్షరం వాడకూడదని అడ్డుపడే నిషిద్ధాక్షరి, దానిమీద సంబంధం లేని మాటలతో దృష్టి మళ్లించే అప్రస్తుత ప్రసంగం వారి అల్లరి. మళ్లీ మొదటివారి దగ్గరకు వచ్చేసరికి ఆ మొదటి పాదం మరుగున పడే ఉంటుంది, దానిని వెతికి తెచ్చుకొని రెండోది కడతాడు. ఇలా నాలుగు ఆవృత్తులు, అంటే నాలుగు చుట్లు, నడిచాక పద్యాలన్నీ వరుసగా అప్పజెబుతాడు. చదువుకూ చదువుకూ మధ్య వ్యవధి ఇవ్వడం, విషయాలు కలగలపడం, చూడకుండా తెచ్చుకోవడం, మీ పరిశోధకులు విడివిడిగా కనిపెట్టినవన్నీ అక్కడ ఒక్క సభలో ఉన్నాయి. జంటకవులు తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి చేసి చూపించింది ఇదే.

మేడమ్: ఒప్పుకోను. అవధాని గుర్తు తెచ్చుకునేది తాను కట్టిన పద్యాన్ని. తన నోట పుట్టిన మాట తనకు గుర్తుండడం వేరు, ఎవరో రాసిన ముప్పై పుటల పాఠం గుర్తుండడం వేరు. పైగా పద్యానికి యతి ఉంది, ప్రాస ఉంది, గణాలున్నాయి. ఒక పదం జారిపోతే ఛందస్సే పట్టి ఇస్తుంది. ఊపిరితిత్తుల నుంచి గుండెకు రక్తం తెచ్చే నా పుపుస సిరకు యతిప్రాసలు ఎక్కడినుంచి తేవాలి? మీ పోలికను నమ్ముకొని పిల్లలు బట్టీ పట్టడమే ధారణ అనుకుంటారు. నేనే అనుకున్నాను. ఇంటర్‌లో మీరు అప్పజెప్పించిన పద్యాలు నాకు ఇప్పటికీ వస్తాయి, వాటిలో సగానికి అర్థం నలభయ్యో ఏట తెలిసింది.

మాస్టారు: అది నిజమే. తరగతిలో తొంభైమంది ఉండేవారు, అర్థం చెప్పేలోపు గంట కొట్టేవారు.

మేడమ్: మిమ్మల్ని నొప్పించాలని అనలేదు మాస్టారూ.

మాస్టారు: నొప్పి ఏముందమ్మా. కానీ ఒక మాట విను. పద్యం నీ దగ్గర ఉంది కనుకనే, అర్థం ఆలస్యంగా వచ్చినా నిలవడానికి దానికొక చోటు దొరికింది. ఇక నీ అభ్యంతరానికి జవాబు నీ దగ్గరే ఉంది. శీర్షికను ప్రశ్నగా మార్చుకోమన్నావు, ఆ ప్రశ్న విద్యార్థిది. పుస్తకం మూసి తన మాటల్లో రాసిన జవాబు కూడా విద్యార్థిదే. సమస్య పృచ్ఛకుడిదే అయినా పూరణ అవధానిదే కదా?

మేడమ్: తన మాటల్లో అన్న షరతు పెడితే సగం ఒప్పుకుంటాను. నా తరగతిలో జరిగినది చెబుతాను. గుండె పాఠం అయ్యాక, పుస్తకాలు సంచుల్లో పెట్టించి, తెల్లకాగితం మీద గుండె వేసి, ఆమ్లజనితో కూడిన రక్తానికి ఎరుపు, తక్కినదానికి నీలం వేయమన్నాను. ఒక అమ్మాయి, తరగతిలో చక్కగా చదివే పిల్ల, పుపుస సిరలకు నీలం వేసింది. ఎందుకమ్మా అంటే, సిరలంటే చెడు రక్తమే కదా మేడమ్ అంది. పుస్తకంలో ఆ పటాన్ని ఎన్నిసార్లు చూసిందో! ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికకు వచ్చే ఆ సిరలు ఎర్రగానే ఉన్నాయి. చూస్తున్నంతసేపూ ఆమె పొరపాటు ఆమెకు కనిపించలేదు, చూడకుండా వేసినప్పుడే బయటపడింది. పుస్తకం తెరిచి సరిచూసుకొని, గుండెకు రక్తాన్ని తెచ్చేది సిర, గుండె నుంచి తీసుకుపోయేది ధమని అని అంచున రాసుకుంది. ఆ కాగితంలో గీత గీయదగిన వాక్యం నాకు అదొక్కటే కనిపించింది.

మాస్టారు: పసుపు పెన్నుతోనా?

మేడమ్: పెన్సిలుతో. 2013లో డన్‌లోస్కీ, ఆయన సహచరులు పది పద్ధతులను తూచినప్పుడు గీతలు గీయడాన్ని, తిరిగి చదవడాన్ని తక్కువ ప్రయోజనం ఉన్న వరుసలో పెట్టారు, తమను తాము పరీక్షించుకోవడాన్ని, రోజుల వ్యవధితో చదవడాన్ని పై వరుసలో పెట్టారు. వ్యవధి గురించి అందరికీ తెలిసినదే కనుక ఒక్క మాట చెబుతాను. ఈరోజు మూడు గంటలు కూర్చునే బదులు ఈరోజు ఒక గంట, ఎల్లుండి ఒక గంట, వచ్చేవారం ఒక గంట కూర్చోండి, కూర్చున్న ప్రతిసారీ ముందు తెల్లకాగితం, ఆ తరువాతే పుస్తకం.

మాస్టారు: అవధాని రెండో ఆవృత్తికి వచ్చినట్టు.

మేడమ్: మాస్టారూ!

మాస్టారు: పది నిమిషాలు ఎప్పుడో దాటాయమ్మా. పటాలను ఎలా చదవాలో కూడా చెబుతానన్నావు.

మేడమ్: అవును, పటంలోని పేర్లను కాగితంతో కప్పి, బాణాలను మాత్రమే చూస్తూ... అదేమిటి, రికార్డరు మీద ఎర్రదీపం వెలుగుతోంది. నిన్న ఛార్జింగులో పెట్టమని చెప్పాను కదా మాస్టారూ?

మాస్టారు: చెప్పావా? ఎప్పుడు చెప్పావు?