పురుగు తిన్న ఆకులు చూడ్డానికి వెళ్దాం రండి
(కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో తెలుగువాళ్ల నెలవారీ కలయికలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్లకి ఇంకో నమస్కారం ఎక్కువ. ఎందుకంటే మీలో కొందరు మా ఇంటి ముందు ఆగి, "ఏమ్మా, లాన్ అంతా ఎండబెట్టేశారు, ఇల్లు అమ్మేస్తున్నారా?" అని అడిగారు. అమ్మడం లేదండీ. ఆ ప్రశ్నకి తీరిగ్గా జవాబు చెబుదామనే ఇవాళ మైకు పట్టుకున్నాను.

చిన్నప్పుడు తెనాలిలో బొమ్మల కొలువులు చూడ్డానికి ఇంటింటికీ తిరిగేవాళ్లం. ఎవరింట్లో కొత్త బొమ్మ వచ్చింది, ఎవరు మెట్లు ఎలా సర్దారు, అన్నీ చూసి, శనగలు మూట కట్టుకుని ఇంటికొచ్చి మా కొలువులో మార్పులు చేసేవాళ్లం. ఇక్కడ మే నెలలో జరిగే తోటల టూర్ అచ్చం అలాంటిదే. శనగలు మాత్రం పెట్టరు. దాని పేరు బ్రింగింగ్ బ్యాక్ ది నేటివ్స్ గార్డెన్ టూర్. మన అలమీడా కౌంటీలోనూ పక్కన కాంట్రా కోస్టా కౌంటీలోనూ ఉన్న ఇళ్ల తోటలు. క్యాథీ క్రేమర్ అనే ఆవిడ 2005లో మొదలుపెట్టారు. 2020లో కరోనా వల్ల ఆ తోటల్ని ఆన్‌లైన్‌లోనే చూపించారు. పెద్ద పార్కులేం కావు. మనలాంటి వాళ్ల ఇళ్లే. ఆ ఒక్కరోజు గేటు తీసిపెట్టి, తెలియని వాళ్లని పెరట్లోకి రానిస్తారు. ఈ నేలలో పుట్టిన మొక్కలు పెంచుతారు, పురుగుమందు కొట్టరు, నీళ్లు పొదుపుగా వాడతారు.

నేను మొదటిసారి వెళ్లింది పూలు చూద్దామనే. ఒకావిడ, డెబ్బై దాటి ఉంటాయి, నన్ను పూలున్న వైపు తీసుకెళ్లనే లేదు. కంచె మీద ఒక తీగ దగ్గరకి తీసుకెళ్లి, "చూశావా!" అన్నారు. ఆకులన్నీ చిల్లులు. కొన్నిటికి ఈనెలే మిగిలాయి. నా నోరు ఊరుకుంటుందా? వేపనూనె కొట్టండి, తగ్గిపోతుంది అన్నాను. ఆవిడ పడీపడీ నవ్వారు. ఆ పురుగుల కోసమే ఆ తీగ వేశారట, అవి రావడానికి చాన్నాళ్లు పట్టిందట.

ఆ తీగని ఇక్కడ పైప్‌వైన్ అంటారు. మన గాడిదగడప, ఈశ్వరవేరు ఉన్నాయే, వాటి దాయాది. పైప్‌వైన్ స్వాలోటెయిల్ అనే నీలిరంగు సీతాకోకచిలుక గొంగళిపురుగు ఇక్కడ ఆ ఒక్క ఆకే తింటుంది. ఆ తీగ లేకపోతే ఆ చిలుకా లేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో అది దాదాపు కనబడకుండా పోయింది. కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో పనిచేసే టిమ్ వాంగ్ అనే ఆయన దాన్ని తన ఇంటి పెరట్లో పెంచాడు. ఊరి బయట కొందరి ఇళ్లలో ఈ తీగ మీద పురుగులుంటే, వాళ్లని అడిగి ఓ ఇరవై తెచ్చుకున్నాడు. దోమతెర గుడారం ఒకటి కట్టి, తీగ వేసి, పురుగుల్ని సాకి, ఆ ఊరి బొటానికల్ గార్డెన్లో వదిలాడు. పెద్ద ప్రాజెక్టు, పెద్ద నిధులు ఏమీ లేవు. తలా ఒక పెరడు. నాకు ఇందులో బాగా నచ్చింది ఆ అడిగి తెచ్చుకోవడం. పక్కింట్లో కరివేపాకు రెబ్బ అడిగినట్టు పురుగుల్ని అడిగాడన్నమాట.

పురుగుల గోల ఎందుకమ్మా, పక్షులకి గింజలు వేస్తే చాలదా అంటారేమో. నేనూ అలాగే అనుకున్నాను, సంచులకి సంచులు కొన్నాను. కానీ గూట్లో పిల్లకి గింజ దిగదు, మెత్తటి పురుగు కావాలి. డగ్లస్ టాలమీ అని డెలావేర్ యూనివర్సిటీలో కీటకాల ప్రొఫెసర్ ఒకాయన ఈ లెక్క చెబుతుంటారు. చికడీ అని పిచ్చుక కన్నా చిన్న పిట్ట ఉంది. ఒక గూట్లో పిల్లలు ఎగిరిపోయేదాకా దానికి 6,000 నుంచి 9,000 గొంగళిపురుగులు కావాలట. ఒక్క గూటికి! పురుగు పట్టదని గ్యారంటీ ఇచ్చి నర్సరీవాళ్లు అమ్మే మొక్క ఆ పిట్ట లెక్కలో ప్లాస్టిక్ మొక్కే.

ఇక మోనార్క్ సంగతి. మన జిల్లేడు మీద పెరిగే నారింజరంగు సీతాకోకచిలుక గుర్తుందా? దానికి దగ్గర చుట్టం ఇది. ఇదీ పాలుకారే మొక్క మీదే గుడ్లు పెడుతుంది, మిల్క్‌వీడ్ మీద. కాలిఫోర్నియా తీరంలో చలికాలం గడిపే మోనార్క్‌లని 1997 నుంచి ఏటా లెక్కపెడుతున్నారు. ఆ ఏడాది 12 లక్షలకి పైనే. 2020లో 2,000 కూడా లేవు. మరుసటి సంవత్సరం రెండు లక్షలు దాటాయి కాబట్టి అయిపోయింది అని చేతులెత్తేయక్కర్లేదు, కానీ మళ్లీ పడిపోయాయి.

ఇది విని మీరు రేపే వెళ్లి మిల్క్‌వీడ్ కొంటారని నాకు తెలుసు. ఒక్క నిమిషం ఆగండి. నర్సరీల్లో ఎరుపు, పసుపు పూలతో అందంగా ఉండేది ట్రాపికల్ మిల్క్‌వీడ్. అది ఇక్కడిది కాదు. చలికాలంలో కూడా ఎండకుండా పచ్చగానే ఉంటుంది, దాంతో మోనార్క్‌లకి జబ్బు చేసే ఒక పరాన్నజీవి ఆ ఆకుల మీద పేరుకుంటుంది. సన్నాకు మిల్క్‌వీడ్, అంటే నారోలీఫ్ మిల్క్‌వీడ్ అని అడిగి తీసుకోండి. చలికి మోడైపోతుంది, చచ్చిందనుకుని పీకేయకండి. సముద్రానికి అయిదు మైళ్ల లోపు ఉన్నవాళ్లు, మోనార్క్‌లు చలికాలం గడిపే చోట్లకి దగ్గర్లో ఉన్నవాళ్లు అదీ వేయొద్దంటారు.

ఇంకో తమాషా. మన పక్కనే ఆర్డెన్‌వుడ్ ఫార్మ్‌లో మోనార్క్‌లు చలికాలం ఏ చెట్లకి వేలాడుతూ వచ్చాయో తెలుసా? యూకలిప్టస్‌కి. మన నీలగిరి చెట్టే, ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. కాబట్టి బయటి చెట్టు కనబడగానే గొడ్డలి పట్టుకునే రకం కాదు నేను. మా ఇంట్లో నిమ్మచెట్టు ఉంది, మల్లె ఉంది, అవి ఎక్కడికీ పోవు. సోంపు కూడా ఇక్కడిది కాదు, అయినా ఇక్కడి ఇంకో రకం స్వాలోటెయిల్ గొంగళిపురుగు దాన్ని శుభ్రంగా తింటుంది. నేను తీసేసింది లాన్ ఒక్కటే. దాన్ని ఎవరూ తినరు, నీళ్లు మాత్రం అదే తాగుతుంది.

తీసేశాక నేను చేసిన నిర్వాకం కూడా చెప్పాలి. సియనోతస్ అని నీలం పూల పొద ఒకటి వేశాను. తొలకరికి మొక్క నాటడం మన అలవాటు కదా, జూన్‌లో నాటి, పాపం ఎండగా ఉందని రోజూ సాయంత్రం నీళ్లు పోశాను. ఆగస్టుకల్లా వేరు కుళ్లి పోయింది. రెండోదీ అలాగే పోయింది. ఇక్కడ వాన పడేది చలికాలంలో. ఈ మొక్కలకి వేసవి అంటే నిద్ర. దీపావళి వెళ్లాక నాటితే వానలే పెంచుతాయి. మొదటి ఏడాది రెండేళ్లు వేసవిలో కాస్త చూసుకోవాలి, అదీ అప్పుడప్పుడే.

అందుకే టూర్‌కి వెళ్లినప్పుడు "ఈ పువ్వు పేరేంటి" అని అడగొద్దు, పేరు రాసిన చీటీ చాలాచోట్ల పక్కనే ఉంటుంది. "మీ దగ్గర ఏ మొక్క చచ్చిపోయింది?" అని అడగండి. ఒక్కసారి మొహం వెలిగిపోతుంది వాళ్లకి. ఆ కథలోనే వాళ్ల మట్టి, ఎండ, ఉడతలు, పక్కింటి వాళ్లతో తగాదా, అన్నీ బయటికొస్తాయి. ఆకులు తుంచకండి, పిల్లలు దారి దిగకుండా చూసుకోండి. వెళ్తూ వెళ్తూ కరివేపాకు మొక్కలు బహుమతిగా పట్టుకెళ్లకండి. నవ్వకండి, నిజంగానే చెబుతున్నా. నిమ్మజాతి చెట్లని చంపే జబ్బుని మోసే చిన్న పురుగు కరివేపాకు మీద బతుకుతుంది. క్వారంటైన్ ఉన్న ప్రాంతాల నుంచి ఆ మొక్కని బయటికి తీసుకెళ్లకూడదు.

మా తోట టూర్‌లో లేదు, ఇంకా అంత లేదది. కానీ ఈ శనివారం పొద్దున్న పది నుంచి మన వాళ్ల కోసం గేటు తీసే ఉంచుతాను. పైప్‌వైన్ వేసి మూడేళ్లయింది, ఇంతవరకూ ఒక్క చిల్లూ పడలేదు. సోంపు మీద మాత్రం నాలుగు పురుగులున్నాయి, నిన్న సాయంత్రం లెక్కపెట్టాను. వచ్చేవాళ్లు వాకిట్లో చెప్పులు విప్పకండి, పక్క సందులోంచి నేరుగా పెరట్లోకే వచ్చేయండి. శనగలు నేను పెడతాను.