స్కిజోఫ్రీనియా ఉన్న ఇంట్లో ఫోను ఏ పనికొస్తుంది? పర్లాకిమిడి, గుణుపురం వైపు వాళ్ల కోసం

[తెర మీద: పర్లాకిమిడి బజారు. దుకాణాల బోర్డుల మీద ఒడియా, తెలుగు, ఇంగ్లీషు.]

నమస్కారం. ఈ వీడియో ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఉంటున్న మన తెలుగువాళ్ల కోసం. ఇంట్లో ఒకరికి స్కిజోఫ్రీనియా ఉంటే చేతిలో ఉన్న ఫోను ఎంతవరకు సాయం చేస్తుంది, ఎక్కడ బెడిసికొడుతుంది, ఇదే ఇవాళ్టి విషయం. యాప్‌ల జాబితా కోసం వచ్చినవాళ్లకు ముందే చెప్పేస్తున్నా, అది లేదు. కొత్త యాప్ ఒక్కటీ ఎక్కించుకోకుండా చేయగలిగిన పనులే ముందు చూద్దాం.

జబ్బు గురించి రెండు ముక్కలు. పక్కన ఎవరూ లేకపోయినా మాటలు వినిపించడం, ఎవరో తన మీద కుట్ర చేస్తున్నారని గట్టిగా నమ్మడం, మాటకు మాటకు పొంతన లేకపోవడం ఒక వైపు. నలుగురిలోకి రాకపోవడం, స్నానం మీదా తిండి మీదా ధ్యాస లేకపోవడం ఇంకో వైపు. ఈ రెండోదాన్నే ఇంట్లోవాళ్లు బద్ధకం అనుకుని తిడుతుంటారు. ఎక్కువమందికి పద్దెనిమిది ఏళ్లకూ ముప్ఫైకీ మధ్య మొదలవుతుంది. ప్రపంచంలో సుమారు 300 మందిలో ఒకరికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చిల్లంగి పెట్టారనీ, గాలి సోకిందనీ తిరిగి తిరిగి డబ్బులు పోగొట్టుకున్న కుటుంబాలు మన వైపు చాలానే ఉన్నాయి. ఇది మెదడుకు వచ్చే జబ్బు. మందులున్నాయి. మందులు వాడుకుంటూ పనికి వెళ్లేవాళ్లు, పెళ్లి చేసుకుని పిల్లల్ని పెంచుకునేవాళ్లు ఉన్నారు.

2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. ఇలాంటి తీవ్రమైన జబ్బులున్నవాళ్లలో ఇంచుమించు నలుగురిలో ముగ్గురికి వైద్యం అందడం లేదని అందులో తేలింది. ఒడిశా, ఆంధ్ర రెండూ ఆ 12లో లేవు. సరిహద్దులో మన పరిస్థితి అంతకంటే బాగుంటుందని అనుకోవడానికి నాకైతే కారణం కనపడదు.

[తెర మీద: మ్యాపు. బరంపురం, పర్లాకిమిడి, పాతపట్నం, గుణుపురం, విశాఖపట్నం చుక్కలుగా వెలుగుతాయి.]

మన దగ్గర చిక్కు వేరే రకంగా ఉంటుంది. డాక్టరుతో తెలుగులో మాట్లాడొచ్చని కొడుకును మొదట విశాఖ తీసుకెళ్తారు. చేతిలో డబ్బులైపోయాక బరంపురం మెడికల్ కాలేజీ ఆస్పత్రికి వెళ్తారు. మధ్యలో ఎవరో చెప్పారని సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం వైపు ఇంకో డాక్టరు. మూడు చోట్ల మూడు చీటీలు. ఒకరు రాసింది రెండోవాళ్లు చూడరు. ఇప్పుడు ఒక ఇంటిని ఊహించుకుందాం. ఊళ్లో ఆశా కార్యకర్త గుమ్మంలో కూర్చుని అడుగుతోంది.

"పిన్నీ, తమ్ముడు ఇప్పుడు ఏ మాత్ర వేసుకుంటన్నాడు?"

"తెల్ల మాత్రమ్మా. పొద్దున సగం, రాత్రికి ఒకటి. విశాఖ డాక్టరుగారు రాసిందే. మొన్న మందుల షాపులో అది లేదని ఇంకోటిచ్చారు. అదీ తెల్లగానే ఉంది."

ఈ తెల్ల మాత్ర దగ్గరే సగం వైద్యం ఆగిపోతుంది. కాబట్టి ఫోనుకు మనం అప్పజెప్పాల్సిన మొదటి పని కెమెరాదే.

[తెర మీద: దగ్గర నుంచి, మాత్రల షీటు వెనక వైపు. వేలు ఒక మూల మీద ఆగుతుంది.]

షీటు వెనక్కి తిప్పండి. మందు పేరు, పక్కన ఎన్ని మిల్లీగ్రాములో ఉంటుంది. ఈ జబ్బుకు వాడే రిస్పెరిడోన్ 2 మిల్లీగ్రాములూ 4 మిల్లీగ్రాములూ ఒక్కటి కాదు. షాపులో నాలుగు మాత్రలు కత్తిరించి ఇచ్చినప్పుడు పేరున్న ముక్క అవతలి కస్టమరుకు పోతుంది. అందుకే కత్తిరించక ముందే కౌంటర్ దగ్గర ఫోటో తీసుకోండి, ఎవరూ ఏమీ అనరు. వెండి కాగితం లైటుకు మెరిసి అక్షరాలు కనపడవు, ఫ్లాష్ ఆపేసి కొంచెం ఏటవాలుగా పట్టుకోండి. డాక్టరు చీటీ రెండు వైపులా, రక్తపరీక్ష కాగితాలు, డిశ్చార్జి కాగితం, అన్నీ ఒకే ఆల్బంలో పెట్టండి. ఇంట్లో ఇంకొకరి ఫోన్లో కూడా ఆ ఆల్బం ఉండాలి, ఎందుకంటే ఫోను పోతుంది, నీళ్లలో పడుతుంది, అవసరానికి అమ్ముడైపోతుంది కూడా.

ఈ ఫోటోలకు మీరు అనుకునేదానికన్నా విలువ ఉంది. 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు తెచ్చింది. వాటి ప్రకారం రిజిస్టరైన డాక్టరు దేశంలో ఏ మూల ఉన్న రోగినైనా ఫోనులోనో వీడియోలోనో చూడొచ్చు. అంటే విశాఖలో కూర్చున్న డాక్టరు గుణుపురంలో ఉన్న మనిషికి మందు కొనసాగించడానికి రాష్ట్ర సరిహద్దు అడ్డం కాదు. రాసిన చీటీని ఫోటోగానో స్కాన్‌గానో పంపొచ్చు. ఒక మెలిక ఉంది. అదే జబ్బుకు ఆ డాక్టరు దగ్గర చూపించుకుని ఆరు నెలలు దాటకపోతేనే దాన్ని ఫాలోఅప్ కింద లెక్కేస్తారు. దాటితే మళ్లీ కొత్త కేసే. కాబట్టి మొదటిసారి నేరుగా వెళ్లినప్పుడే "తర్వాత వీడియోలో చూస్తారా, ఏ నెంబరుకు చేయాలి?" అని అడిగి రండి. ఒక కుర్రాణ్ణి, వాడి తోడుగా ఇద్దర్ని రైలెక్కించి పనిదినాలు పోగొట్టుకునే ఖర్చు ఇక్కడ మిగులుతుంది.

[తెర మీద: పెద్ద అక్షరాల్లో 14416.]

ఇంకా ఏ డాక్టరు దగ్గరకూ వెళ్లనివాళ్లకు ఈ నెంబరు. టెలీ మానస్, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్ 10న మొదలైంది. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది. మామూలు కీప్యాడ్ ఫోను చాలు. ఏ భాషలో మాట్లాడాలో మీరే ఎంచుకోవచ్చు, అందులో తెలుగూ ఉంది, ఒడియా కూడా ఉంది. ముందు మాట్లాడేది శిక్షణ ఉన్న కౌన్సెలర్. అవసరమనిపిస్తే మానసిక వైద్య నిపుణులకు కలుపుతారు, దగ్గర్లో ఎక్కడికి వెళ్లాలో చెబుతారు.

కంగారులో ఫోన్ చేసి "మావాడికి మతి సరిగ్గా లేదండి" అంటే అవతలి వాళ్లకు అంతుపట్టదు. ఇలా చెప్పి చూడండి: "ఇరవై రెండేళ్ల అబ్బాయి. పది రోజుల నుంచి రాత్రి రెండు గంటలకు మించి నిద్రపోవడం లేదు. పక్కింటివాళ్లు అన్నంలో ఏదో కలుపుతున్నారని తినడం లేదు. పోయిన నెలలో మాత్రలు ఆపేశాడు. మాత్ర పేరు ఇది." తాను చచ్చిపోతానని గానీ, ఎవరినైనా ఏమైనా చేస్తానని గానీ అని ఉంటే ముందుగా అదే చెప్పండి. ప్రాణాపాయం కళ్ల ముందే కనిపిస్తుంటే మాత్రం 108కో 112కో చేయాలి. అలాంటప్పుడు కౌన్సెలింగ్ లైన్లో ఎదురుచూడొద్దు.

[తెర మీద: బొమ్మ. ఒక ఇల్లు, ఇంట్లో ఒకరు, ఊళ్లో ఒకరు, దూరంగా ఆస్పత్రి. మధ్యలో మెసేజ్ గుర్తులు.]

సరే, మందు దొరికింది. రోజూ వేసుకోవడం ఎలా? ఈ ప్రశ్నకు ఒక మంచి పరిశోధన చైనాలో, హునాన్ రాష్ట్రంలోని లియుయాంగ్ పల్లెల్లో జరిగింది. 2019లో ఫలితాలు వచ్చాయి. స్కిజోఫ్రీనియా ఉన్న 278 మందిని తీసుకున్నారు. సగం మందికి మామూలు ఉచిత మందుల పథకం. మిగతా సగానికి దానితో పాటు మందు గుర్తుచేసే మెసేజ్‌లు, ఇంట్లోనో ఊళ్లోనో ఒక మనిషిని తోడుగా పెట్టడం, తేడా కనిపిస్తే ఊరి డాక్టరుకు కబురు. ఆరు నెలలయ్యాక ముందు చెప్పకుండా ఇంటికెళ్లి డబ్బాలో మిగిలిన మాత్రలు లెక్కపెట్టారు. మామూలు గుంపులో మాత్రల వాడకం 48 శాతం, మెసేజ్‌లున్న గుంపులో 61 శాతం. ఆకాశాన్నంటే తేడా కాదు. కానీ అక్కడ వాడింది ఎస్సెమ్మెస్సే. ఆ మెసేజ్ వెనక నడిచి వచ్చే మనిషి ఒకరుండటమే అక్కడి కిటుకని నా నమ్మకం.

మన దేశంలోనూ ఇలాంటివి జరిగాయి. స్కిజోఫ్రీనియా మీద పనిచేసే చెన్నై సంస్థ స్కార్ఫ్ 2010 నుంచి పుదుక్కోట జిల్లాలో ఒక బస్సు నడిపింది. బస్సులో వీడియో తెర, పక్కనే మందుల గది. రోగి ఊళ్లోనే బస్సెక్కి చెన్నైలో ఉన్న డాక్టరుతో మాట్లాడి, మందులు తీసుకుని దిగిపోతాడు. ఇంకో అధ్యయనం సతారా, గోవా, తమిళనాడుల్లో 282 మందితో చేశారు, 2014లో వచ్చింది. శిక్షణ ఇచ్చిన మామూలు కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి పనిచేస్తే, ఆస్పత్రి వైద్యం ఒక్కటే అందినవాళ్ల కంటే లక్షణాలూ రోజువారీ ఇబ్బందులూ కొంతమేర ఎక్కువ తగ్గాయి.

గుర్తుచేసే పని మన ఇళ్లలో ఎలా? ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చే మెసేజ్ అమ్మకు చదవడం రాదు. అందుకే అక్క గొంతుతో "మాత్ర వేళైంది నాన్నా" అని రికార్డు చేసి దాన్నే అలారం మోతగా పెట్టమని కొందరు చెబుతారు. ఇక్కడి గిరిజన భాష సవర మాట్లాడే ఇళ్లలో సవరలోనే రికార్డు చేయొచ్చు. ఆలోచన బాగుంది, కానీ ఒక్క క్షణం ఆగండి. ఎవరూ లేని గదిలో మాటలు వినిపించడమే ఈ జబ్బులో పెద్ద బాధ. అలాంటి మనిషి పక్కన ఫోను ఉన్నట్టుండి మాట్లాడితే? ముందు తనను అడగండి. వద్దంటే మామూలు గంట మోత పెట్టండి, అదీ అమ్మ ఫోన్లో. రెండు మూడు వారాలకోసారి వేసే ఇంజెక్షన్ తేదీలు, క్లోజపిన్ అనే స్కిజోఫ్రీనియా మందు వాడేవాళ్లకు మొదట్లో వారం వారం చేయించాల్సిన రక్తపరీక్ష, ఇవి మాత్రం క్యాలెండర్‌లో తప్పక ఎక్కించండి. క్లోజపిన్ మీద ఉండగా జ్వరమో గొంతునొప్పో వస్తే పారాసెటమాల్ వేసి ఊరుకోకూడదు, ఆ రోజే డాక్టరుకు చెప్పాలి.

[తెర మీద: ఫోన్ స్క్రీన్. "లొకేషన్ అనుమతించాలా?" అన్న ప్రశ్న.]

ఇప్పుడు గొప్ప టెక్నాలజీ సంగతి. మనిషి ఎంత తిరుగుతున్నాడు, రాత్రి ఎన్నింటిదాకా స్క్రీన్ వెలుగుతోంది, ఇలాంటివి ఫోనే గమనించి, జబ్బు తిరగబెట్టేలోపే పసిగట్టగలదా అని బోస్టన్, బెంగళూరు, భోపాల్‌లలో కలిసి పరిశోధన చేశారు. ఆసక్తికరమే. కానీ ఎవరో నన్ను గమనిస్తున్నారు అన్న భయంతో నలిగిపోతున్న మనిషి జేబులో, చెప్పకుండా నిఘా యాప్ పెడితే ఆ భయం నిజమైపోయినట్టే! తర్వాత మీరిచ్చే మాత్రను కూడా నమ్మడు. చెప్పి, ఒప్పించి చేయాలి. ఒప్పుకోకపోతే వదిలేయాలి. నిద్ర తగ్గిందా, గదిలోంచి బయటకు రావడం మానేశాడా, తనలో తాను నవ్వుకుంటున్నాడా అన్నది ఇంట్లోవాళ్లకు ఫోను చెప్పనక్కర్లేదు. ఆశా కార్యకర్త ఫోన్లో ఇప్పటికే ఉన్న యాప్‌లకు ఇంకొకటి తోడు చేసి నెట్టుకురమ్మనడం కూడా నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

వాట్సాప్ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. జబ్బు ముదిరినప్పుడు వీడియో తీయడం మామూలైంది. డాక్టరుకు చూపించడానికి అర నిమిషం వీడియో పనికొస్తుంది, ముఖ్యంగా చేతుల వణుకు, మెడ బిగుసుకుపోవడం, ఒక్కచోట కూర్చోలేకపోవడం లాంటి మందుల ఇబ్బందులకు. ఆ వీడియో డాక్టరుకే వెళ్లాలి. చుట్టాల గ్రూపులో పడిందంటే ఊరంతా తిరుగుతుంది, మనిషి తేరుకున్నాక కూడా అది తిరుగుతూనే ఉంటుంది. ఊరి ఆరోగ్య గ్రూపులో "ఫలానావాళ్ల అబ్బాయికి ఇంజెక్షన్ వేళైంది" అని పేరుతో రాయడం కూడా తప్పే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం జబ్బు వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కు రోగికిచ్చింది. ఆశా, అమ్మ, డాక్టరు మధ్య విడివిడి ఫోన్ కాల్ చాలు, గ్రూపు ఎందుకు?

[తెర మీద: దివ్యాంగుల గుర్తింపు కార్డు నమూనా. పేరు, ఫోటో చెరిపి.]

చివరగా డబ్బు సంగతి, ఎందుకంటే మందు ఆగిపోయేది చాలాసార్లు ఇక్కడే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో మానసిక రుగ్మత ఒకటి. దివ్యాంగుల గుర్తింపు కార్డుకు, అంటే యూడీఐడీకి, స్వావలంబన్ పోర్టల్లో ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు, మీసేవ లాంటి కేంద్రాల్లోనో చదువుకున్న పిల్లలతోనో చేయించుకోవచ్చు. తర్వాత మెడికల్ బోర్డు పిలిచి చూస్తుంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉందని తేలితే పథకాలకు దారి ఏర్పడుతుంది. కార్డు దేశమంతా చెల్లుతుంది కానీ పింఛను మాత్రం ఏ రాష్ట్రంలో నివాసముంటే ఆ రాష్ట్రానిదే. రేషన్ కార్డు పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాలో ఉంటే ఒడిశా ప్రభుత్వమిచ్చే మధుబాబు పింఛనుకు అడగాలి. మేనమామ పాతపట్నంలో ఉన్నాడని అటు వైపు ప్రయత్నిస్తే కాగితాల దగ్గరే ఆగిపోతుంది. బోర్డు ముందు కూర్చున్నప్పుడు జబ్బు ఎప్పటి నుంచి ఉంది, ఎక్కడెక్కడ చూపించారు అని అడుగుతారు. విశాఖ చీటీ, బరంపురం చీటీ తేదీలతో సహా ఫోన్లో ఉంటే చూపించండి, అసలు కాగితాలు కూడా సంచిలో వేసుకుని వెళ్లండి. ఒట్టి ఫోటో చూపిస్తే ఒప్పుకోని ఆఫీసులు ఇంకా ఉన్నాయి.