టాటూ చూసి మండిపడే నాన్నగారు ముందుగా తన తల్లి చేతిని చూడాలి

వీక్షకులందరికీ నమస్కారం. ముంజేతి మీద టాటూ వేయించుకొని ఇంటికి వచ్చిన అమ్మాయికి, చెవికి పోగు పెట్టుకొని వచ్చిన అబ్బాయికి మన ఇళ్ళలో ఎలాంటి స్వాగతం లభిస్తుందో మీకు వివరించనక్కరలేదు. "పరువు తీశావు" అన్నది మొదటి మాట. "రేపు పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళకు ఏమని చెప్పమంటావు" అన్నది రెండో మాట. "మన వంశంలో ఇలాంటివి ఎక్కడైనా ఉన్నాయా" అన్నది మూడో మాట. మొదటి రెండింటి సంగతి ఎలా ఉన్నా, ఆ మూడో మాట పచ్చి అబద్ధం. ఉన్నాయి నాన్నగారూ, మీ వంశంలో నిక్షేపంలా ఉన్నాయి. మిమ్మల్ని ఎత్తుకొని పెంచిన మీ అమ్మగారి చేతి మీదే ఉన్నాయి.

ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట, దాన్నే పదిసార్లు చెబుతాను. టాటూ మీద మన పెద్దలకున్న ఏవగింపు సంప్రదాయం నుంచి వచ్చింది కాదు. దాని వయసు ఒక్క తరం. చదువుకొని, ఉద్యోగం సంపాదించి, ఇస్త్రీ చొక్కా వేసుకొని పట్నంలో కాపురం పెట్టిన మొదటి తరం, ఊరి నుంచి వచ్చిన తన తల్లి పచ్చబొట్ల చేతిని ఇరుగుపొరుగు చూస్తారేమోనని పడిన సిగ్గు అది. ఆ సిగ్గుకే ఇప్పుడు సంప్రదాయమని పేరు పెట్టి పిల్లల నెత్తిన రుద్దుతున్నారు.

నమ్మకం కలగకపోతే మీ ఇంట్లోనే గమనించండి. టాటూ చూసి అందరికంటే గట్టిగా అరిచేది ఎవరు? ఎనభై దాటిన అవ్వ అరవదు. ఆమె మనవరాలి చెయ్యి పట్టుకొని, కళ్ళు చికిలించి చూసి, ఎంతయిందని అడిగి, ధర వినగానే "ఇంత డబ్బు పోసి ఇంత చిన్న పిట్టేనా పొడిపించుకున్నది" అని నవ్వుతుంది. అరిచేది అరవైల్లో ఉన్న నాన్నగారు, పదవీ విరమణ చేసిన పెదనాన్నగారు, బ్యాంకులో ఆఫీసరుగా చేసిన మేనత్తగారు. అసహ్యం నిజంగా సంప్రదాయం నుంచి పుట్టిందే అయితే, ఎంత పాతవారికి అంత ఎక్కువగా ఉండాలి కదా. మన ఇళ్ళలో లెక్క తలకిందులుగా ఎందుకు ఉందో ఎవరైనా నాకు చెప్పగలరా?

ఆ పాతకాలపు పచ్చబొట్టు ఎలా పడేదో ఒకసారి గుర్తుచేసుకుందాం. ఎరుకల స్త్రీలు ఊరూరా తిరిగేవారు, ఒకవైపు సోది చెప్పేవారు, మరోవైపు పచ్చబొట్లు పొడిచేవారు. దీపపు మసిని ఆకుపసరుతో నూరి, సూదులను కట్టగా కట్టి, ఆడపిల్ల ముంజేతి మీదనో, గడ్డం మీదనో, కనుబొమల నడుమనో చుక్క తరువాత చుక్క గుచ్చి, పైన పసుపు అద్దేవారు. కూలిగా గింజలో పాత చీరో పుచ్చుకొని ముందుకు సాగిపోయేవారు. చుక్కలు, తేలు, పువ్వు, ముగ్గు, దేవుడి పేరు, పుట్టింటివారి పేరు, పెనిమిటి పేరు, ఏది కావాలంటే అది పొడిచేవారు. ఇక్కడ నాకు భలే ముచ్చటైన విషయం ఒకటుంది. పెనిమిటి పేరు నోటితో పలకడం తప్పని భావించిన ఆ కాలపు ఇల్లాలు అదే పేరును ఊరందరికీ కనిపించేలా చేతి మీద పొడిపించుకొని తిరగడాన్ని మాత్రం ఎవరూ తప్పుపట్టలేదు.

మసి నల్లనిది అయినప్పుడు బొట్టు పచ్చగా, నీలంగా ఎందుకు కనిపిస్తుందని కొందరు అడుగుతుంటారు. రంగు చర్మం పైపొరలో ఉండదు, లోపలి పొరలో ఉంటుంది. పైనున్న చర్మం గుండా వెలుగు చెదిరి వెనక్కి వచ్చేటప్పుడు నల్లని మసి మన కంటికి నీలిపచ్చగా తోస్తుంది. పైపొర ఎప్పటికప్పుడు రాలిపోయి కొత్తది పుడుతున్నా, లోపలి పొరలోని మసి కదలదు కాబట్టే అవ్వ చేతి మీది తేలు డెబ్బై ఏళ్ళయినా అక్కడే ఉంది. చనిపోయినప్పుడు మెడలోని బంగారాన్ని అందరూ కలిసి తీసేసుకుంటారని, వెంట వచ్చేది పచ్చబొట్టు ఒక్కటేనని ముసలివాళ్ళు చెప్పుకొనేది కూడా ఇందుకే. కాస్త ఆలోచించండి, ఈ మాటలో నగల మీద ఎంత ఎగతాళి ఉందో, కొడుకులూ కోడళ్ళ మీద ఎంత అనుమానం ఉందో.

మరి అంత మురిపెంగా పొడిపించుకున్నది ఒక్క తరంలో పరువు తక్కువ ఎలా అయింది? ఇక్కడే నా సిద్ధాంతం మొదలవుతుంది, మీకు నచ్చకపోయినా వినండి. ఈస్టిండియా కంపెనీ పాలనలో, 1797 నుంచి, బెంగాలులో యావజ్జీవ ఖైదీల నుదుటి మీద వారి నేరాన్ని పచ్చబొట్టుగా పొడిచేవారు. ఆ శిక్షను 1849లో రద్దు చేశారు. ఆ తరువాత 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది, 1911లో దాన్ని మన ఆంధ్ర జిల్లాలున్న మద్రాసు రాజధానికి (ప్రెసిడెన్సీకి) కూడా వర్తింపజేశారు, మన పచ్చబొట్లు పొడిచిన ఎరుకలవారినే ఆ చట్టం కింద పుట్టుకతో నేరస్థులని ముద్రవేశారు. వారిని ఉంచడానికి కట్టిన ఆవాసాల్లో ఒకటి బాపట్ల దగ్గరి స్టువర్టుపురం. స్వతంత్రం వచ్చాక 1952లో గానీ ఆ ముద్ర దేశమంతటా చట్టం నుంచి తొలగలేదు. అంటే మన నాన్నగారి తరం పుట్టేనాటికి, పచ్చబొట్టు పొడిచే చెయ్యి పోలీసు రికార్డుకు ఎక్కిన చెయ్యి, పొడిపించుకున్న చెయ్యి ఎక్కువగా పొలంలో నాట్లు వేసే చెయ్యి. బడికి వెళ్ళిన కుర్రవాడు ఆ రెండు చేతులకూ దూరంగా జరగడమే ఎదుగుదల అనుకున్నాడు. అతన్ని నేను పూర్తిగా తప్పుపట్టను. అప్పటి పట్నం అతన్ని చొక్కా చూసి, మాట యాస చూసి, ఇంటికి వచ్చిన తల్లిని చూసి కొలిచింది. కానీ అలా పడిన సిగ్గును యాభై ఏళ్ళ తరువాత "మన సంస్కృతి" అని పిలిస్తే మాత్రం నేను ఊరుకోను.

"మా ఇంట్లో ఆడవాళ్ళకు పచ్చబొట్లు లేవు, మాది ఆచారవంతుల కుటుంబం" అనేవారికి కూడా నా దగ్గర సమాధానం ఉంది. అయ్యా, మీ భుజాలు ఒకసారి చూసుకోండి. శ్రీవైష్ణవుల పంచసంస్కారాల్లో మొదటిది తాపం. శంఖ చక్రాల ముద్రలను నిప్పులో కాల్చి రెండు భుజాల మీద అద్దడమే ఆ సంస్కారం. మాధ్వులు తొలి ఏకాదశినాడు వరుసలో నిలబడి తప్తముద్రలు వేయించుకుంటారు, ఆ వరుసలో చంటిపిల్లలు కూడా ఉంటారు. ఇవి పవిత్రమైనవని మీరంటే నేను తల వంచి ఒప్పుకుంటాను, ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. అయితే కాల్చిన లోహంతో ఒంటి మీద ముద్ర వేయించుకోవడం ధర్మం, సూదితో వేయించుకోవడం అధర్మం అని చెప్పే శాస్త్రం ఏదో నాకు చూపించండి.

చెవులూ ముక్కుల సంగతికి వస్తే నాకు నవ్వాగదు. కర్ణవేధ షోడశ సంస్కారాల్లో ఒకటి. ఏడాది నిండీ నిండని పసిబిడ్డను మేనమామ ఒడిలో కూర్చోబెట్టి, చేతిలో బెల్లం ముక్క పెట్టి, కంసాలి బంగారు తీగతో చెవి పొడుస్తుంటే, ఆ బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే, చుట్టూ ఉన్న ముప్ఫైమంది బంధువులు ఫోటోలు తీసుకొని, ఆనక భోజనాలకు లేస్తారు. అదే బిడ్డ ఇరవై రెండేళ్ళు వచ్చి, తన జీతంతో, తన ఇష్టంతో, ఏడవకుండా అదే చెవికి ఇంకో కన్నం కుట్టించుకుంటే ఆ ముప్ఫైమందీ "ఒంటిని పాడుచేసుకున్నావు" అంటారు. పైచెవికి కుట్టించుకోవడం కొత్త వింత అట. పైచెవికి పెట్టుకొనే బావిలీలు ఎవరి నగలండీ? ముక్కు నడిమి పొరకు రింగు పెట్టుకుంటే ఎద్దుకు ముకుతాడు వేసినట్టుందట. బులాకీ పెట్టుకున్న ముత్తవ్వకు ఆ మాట ఎవరైనా అనగలరా? అరకు లోయలో ముక్కుకు రెండు వైపులా, నడుమ కూడా రింగులు ధరించిన గిరిజన అవ్వలు ఈనాటికీ సంతలో కనిపిస్తారు. మనవాళ్ళు కారు ఆపి వారితో ఫోటోలు దిగి, ఇంటికి వచ్చి కూతురి ముక్కు చూసి గొడవ పెట్టుకుంటారు.

మగపిల్లల విషయంలో అయితే అన్యాయం మరీ ఎక్కువ. చెవికి పోగు పెట్టుకున్న కొడుకును "ఆడదానిలా ఏమిటిది" అని నిలదీసే తండ్రికి, తన తాతగారి పాత ఫోటోలో చెవిపోగులు కనిపించవా? అమరావతి శిల్పాల్లో రాజులూ, సేవకులూ, సామాన్యులూ బరువైన కర్ణాభరణాలతోనే ఉన్నారు. పూజగదిలో రోజూ కర్పూరం వెలిగించే రాముడికీ, కృష్ణుడికీ కుండలాలు లేని పటం ఒక్కటి కూడా దొరకదు. మగవాడి చెవి బోడిగా ఉండాలన్నది కూడా ఆఫీసు తరం పెట్టుకున్న నియమమే, మన పురాణాల్లో దానికి చోటు లేదు.

ఇప్పుడు నాన్నగారు తీసే ఆఖరి అస్త్రం "ప్రభుత్వోద్యోగం రాదు" అన్నది. ఇందులో కొంత నిజం ఉంది కాబట్టి త్వరగా చెప్పేస్తాను. కేంద్ర సాయుధ పోలీసు బలగాల నియామకాల్లో టాటూ ఎడమ ముంజేతి లోపలి వైపునో, అరచేతుల వెనుక భాగంలోనో మాత్రమే ఉండాలి, ఆ భాగంలో నాలుగో వంతుకు మించకూడదు. కుడి చెయ్యి సెల్యూట్ చేసే చెయ్యి కనుక ఆ ముంజేతి మీద ఒప్పుకోరు. సైన్యంలో ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనుక వైపు ఉండవచ్చు. గిరిజన అభ్యర్థులకైతే తమ తెగ ఆచారం ప్రకారం పొడిపించుకున్న పచ్చబొట్లకు సైన్యం మినహాయింపు ఇస్తుంది. చూశారా, ఒంటి మీది గుర్తు ఈ దేశంలో కొందరికి తాతముత్తాతల ఆచారమని భారత సైన్యం రాతపూర్వకంగా ఒప్పుకుంది, మన ఇంటి హాల్లో సోఫా మీద కూర్చున్న పెద్దమనిషి మాత్రం ఒప్పుకోడు. సూది శుభ్రంగా లేకపోతే హెపటైటిస్ లాంటి జబ్బులు సోకుతాయన్నది, పైచెవి మృదులాస్థికి కన్నం పడితే మానడానికి నెలలు పడుతుందన్నది, టాటూ తరువాత కొంతకాలం రక్తదానం చేయనివ్వరన్నది నిజమే. ఆ భయంతో తిట్టే పెద్దలుంటే వారికి నా నమస్కారం. కానీ ఏ ఇంట్లోనైనా మొదటి ప్రశ్నగా "సూది కొత్తదేనా" అని అడిగిన తండ్రిని మీరు చూశారా?

మరో కోపం ఉంది, దాన్ని నేను గౌరవిస్తాను. 2015లో బెంగళూరులో కాలి మీద ఎల్లమ్మ టాటూ ఉన్న ఆస్ట్రేలియా యువకుణ్ణి ఒక గుంపు హోటల్లో చుట్టుముట్టింది. 2025లో భువనేశ్వర్‌లో ఒక విదేశీ మహిళ తొడ మీద జగన్నాథుడి బొమ్మ వేసినందుకు టాటూ దుకాణం వారిని అరెస్టు చేశారు. గుంపులు మీద పడటాన్ని నేను సమర్థించను. అయితే నడుము కింద దేవుణ్ణి ఉంచకూడదన్న పట్టింపు మన ఇళ్ళలో నిజంగా పాతది, దాని మూలం నాకు అర్థమవుతుంది. గమనించండి, ఆ పట్టింపు కూడా బొమ్మ ఎక్కడ ఉందన్న దాని మీదే. అదే దేవుడు భుజం మీద ఉంటే దండం పెడతారు.

అన్నట్టు, అభిమాన నాయకుడి ముఖాన్ని గుండె మీద పొడిపించుకున్న కార్యకర్తను టీవీలో చూసినప్పుడు మన పెద్దలు ఏమంటారో ఎప్పుడైనా విన్నారా? "అభిమానమంటే అదిరా" అంటారు. నాయకుడు ఓడిపోవచ్చు, పార్టీ మారవచ్చు, ఆ గుండె మీద బొమ్మ మాత్రం మారదు, అయినా అక్కడ పరువు పోదు. సొంత కూతురు తన కుక్కపిల్ల పాదం గుర్తును మణికట్టు మీద వేయించుకుంటే మాత్రం ఏడు తరాల పరువు గోదాట్లో కలిసిపోతుంది.

కాబట్టి మీ అందరికీ ఒక పని అప్పగిస్తున్నాను. మీ ఇంట్లో గానీ, మీ ఊళ్ళో గానీ పచ్చబొట్లున్న అవ్వ, అమ్మమ్మ, నాయనమ్మ ఎవరైనా ఉంటే, ఆమె అనుమతి తీసుకొని ఆ చేతిని మంచి వెలుతురులో ఫోటో తీయండి. అది ఏ ఊళ్ళో పొడిచారు, ఎవరు పొడిచారు, కూలిగా ఏమిచ్చారు, ఎంతసేపు ఏడ్చింది, ఆ బొమ్మనే ఎందుకు కోరుకుంది అని అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి మాకు పంపండి. పేర్లు లేకుండా వచ్చే వీడియోలో చూపిస్తాం. ఒక్క షరతు మాత్రం పెడుతున్నాను. ఈ ప్రశ్నలన్నీ మీ నాన్నగారు అదే గదిలో కూర్చొని ఉన్నప్పుడే అడగండి, ఆయన లేచి వెళ్ళిపోతే ఏ ప్రశ్న దగ్గర లేచారో కూడా రాయండి.