వే బ్యాక్‌లో కూర్చున్న పిల్లలు

శ్రోతలకు నమస్కారం.

ఈ పూట ఒక కారు గురించి మాట్లాడతాను. మన దేశంలో పెద్దగా తిరగని కారు. అమెరికాలో దాన్ని స్టేషన్ వ్యాగన్ అంటారు. మామూలు కారుకు వెనక డిక్కీ విడిగా ఉంటుంది కదా, దీనికి అలా ఉండదు. పైకప్పు చివరిదాకా సాగిపోతుంది. చివర ఒక పెద్ద అద్దం, దాని కింద వెడల్పాటి తలుపు. డిక్కీ ఉండాల్సిన చోట కూడా మనుషులు కూర్చోవచ్చు. సీట్లు మడిచేస్తే నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న ప్లైవుడ్ షీట్ సాఫీగా లోపల పడుతుంది.

1970లలో డెట్రాయిట్ దగ్గర పెరిగిన తెలుగు పిల్లల్లో నేనొకదాన్ని. ఆ దేశంలో మాకు చుట్టాలు లేరు. చుట్టాల్లాంటి మనుషుల్ని మాకు సంపాదించి పెట్టింది ఆ కారే అని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు కొంచెం చరిత్ర. మోటారు కార్లు కొత్తగా వచ్చిన రోజుల్లో రైలు దిగిన ప్రయాణికుల్నీ, వాళ్ళ పెట్టెల్నీ హోటళ్ళకు చేర్చడానికి కారు ఛాసిస్ మీద, అంటే చక్రాలూ ఇంజనూ ఉండే అడుగు చట్రం మీద, చెక్కతో బాడీ కట్టించేవాళ్ళు. స్టేషన్ అన్న మాట అక్కణ్ణుంచే వచ్చింది. 1929లో ఫోర్డ్ కంపెనీ తన మోడల్ ఎ కారుతో ఇలాంటి బండిని తానే తయారు చేసి అమ్మడం మొదలుపెట్టింది. దానికి కావలసిన కలప మిషిగన్ ఉత్తరాన ఉన్న తన సొంత అడవుల నుంచి తెచ్చుకునేది. ఐరన్ మౌంటెన్ అనే ఊళ్ళో కలప కోసేవాళ్ళు. కోయగా మిగిలిన ముక్కల్ని బొగ్గు చేసి అమ్మారు. అమెరికాలో పెరట్లో పొయ్యి వెలిగించేవాళ్ళు ఇప్పటికీ కొనే కింగ్స్‌ఫర్డ్ బొగ్గు పుట్టుక అదే.

చెక్క బండిని చూసుకోవడం కష్టం. వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది, వార్నిష్ వేస్తూనే ఉండాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పూర్తిగా ఇనుప రేకుతో చేసిన వ్యాగన్లు వచ్చాయి. 1949 నాటి ప్లిమత్ సబర్బన్ వాటిలో ఒకటి. కానీ జనానికి చెక్క మీద మోజు పోలేదు. అందుకని చెక్కలా కనిపించే ప్లాస్టిక్ షీట్లు తలుపుల మీద అంటించి అమ్మారు. 1950 నుంచి 1991 దాకా వచ్చిన ఫోర్డ్ కంట్రీ స్క్వైర్ అంటే అమెరికా వాళ్ళకు ముందు గుర్తొచ్చేది ఆ చెక్క అంచే. మాదీ కంట్రీ స్క్వైరే.

అలాంటి కారు మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి. 1965కు ముందు భారతదేశం నుంచి అమెరికాలో స్థిరపడటానికి ఏడాదికి వంద మందికే కోటా ఉండేది. ఆ ఏడాది అక్టోబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం పెట్టిన కొత్త చట్టంతో డాక్టర్లకూ ఇంజనీర్లకూ దారి తెరుచుకుంది. గుంటూరు, వరంగల్, విశాఖపట్నం కాలేజీల్లో చదివిన వాళ్ళు మెల్లగా రావడం మొదలైంది. మా నాన్నగారూ అలాగే వచ్చారు. ఇక 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. పెట్రోలు బంకుల ముందు వీధి పొడుగునా కార్ల వరసలు. గాలన్‌కు పది పన్నెండు మైళ్ళు మాత్రమే ఇచ్చే పెద్ద కార్లను వదిలించుకోవాలని చాలామంది తొందరపడ్డారు. సెకండ్ హ్యాండ్‌లో వాటి ధర పడిపోయింది. చేతిలో డబ్బు తక్కువ, ఇంటికి వచ్చిపోయే మనుషులు ఎక్కువ ఉన్న మాలాంటి కుటుంబాలకు అది కలిసొచ్చింది. పెట్రోలు ఖర్చు చూసి అమ్మ మొదట వద్దంది. తర్వాత ఆ కారుకు పసుపు కుంకుమ పెట్టిందీ ఆవిడే.

దాదాపు పద్దెనిమిదిన్నర అడుగుల కారు. మన అంబాసిడర్ పద్నాలుగు అడుగుల పైచిలుకు. అంత పొడవులో మాకు ముద్దొచ్చే చోటు చివరి భాగం. పిల్లలందరూ దాన్ని వే బ్యాక్ అనేవాళ్ళు. నేల మీదున్న పలక ఎత్తితే అందులోంచి రెండు చిన్న సీట్లు లేచేవి, కుడి గోడకు ఒకటి, ఎడమ గోడకు ఒకటి. వేరే కంపెనీల వ్యాగన్లు కొన్నింటిలో ఆ సీటు వెనక్కి తిరిగి ఉండేది, పిల్లలు దాటిపోయిన రోడ్డును చూస్తూ కూర్చునేవాళ్ళు. మాకు అలా కాదు. పెళ్ళిలో ఎదురెదురు పంక్తుల్లో కూర్చున్నట్టు మోకాళ్ళు మోకాళ్ళకు తగులుతూ కూర్చునేవాళ్ళం. ఇటు నేనూ తమ్ముడూ, అటు వేరే ఇంటి పిల్లలు.

నేను చెప్పదలచుకున్నది ఆ వేరే ఇంటి పిల్లల గురించే. రెండు వరసల మామూలు కారు ఒక కుటుంబానికి సరిపోతుంది. మూడు వరసలున్న కారుకు ఇంకో కుటుంబం కావాలి. ఖాళీగా తీసుకెళ్ళడం మా ఇళ్ళలో తప్పులా ఉండేది. ఎక్కడికి బయల్దేరినా నాన్నగారు ముందు ఫోన్ తీసి "మీరూ రండి, చోటుంది" అనేవారు. అలా కలిసి తిరిగిన వాళ్ళను బాబాయ్, పిన్ని అని పిలిచాం. వాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళలో మా అమ్మానాన్నలు పీటల పక్కనే నిలబడ్డారు.

అన్నింటికన్నా పెద్ద ప్రయాణం పిట్స్‌బర్గ్. అక్కడ పెన్ హిల్స్‌లో కొండ మీద, తిరుమల గుడి నమూనాలో కట్టిన వేంకటేశ్వరస్వామి ఆలయం 1976లో మొదలైంది. డెట్రాయిట్ నుంచి నాలుగు వందల యాభై కిలోమీటర్ల పైమాటే. చమురు కరువు తర్వాత దేశమంతటా గంటకు 55 మైళ్ళు మించకూడదని నియమం పెట్టారు కాబట్టి అయిదు గంటలు పట్టేది. తెల్లవారకముందే లేచి అమ్మా పిన్నీ పులిహోర కలిపేవాళ్ళు. టోలీడో దాటి ఒహాయో టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు మీద ఎక్కడో ఆగి, కారు వెనక తలుపును కిందికి దించేవాళ్ళం. ఆ తలుపుకు రెండు రకాల కీలు ఉండేది. పక్కకు తీస్తే గుమ్మం తలుపు, కిందికి దించితే బల్ల. దాని మీద స్టీల్ డబ్బాలు, పెరుగన్నం, ఆవకాయ సీసా. పక్క కారు దిగిన వాళ్ళు వాసనకు తిరిగి చూసేవాళ్ళు. ఒక్కోసారి మాకు సిగ్గేసేది. అమ్మకు ఎప్పుడూ వెయ్యలేదు.

ఆ అయిదు గంటలూ ముందు సీట్లలో తెలుగే. మేం వెనక ఇంగ్లీషులో పోట్లాడుకుంటూనే అదంతా వినేవాళ్ళం. తెనాలిలో ఎవరి ఇల్లు ఎక్కడ, కరీంనగర్‌లో ఏ మేష్టారు ఎలా కొట్టేవారు, ఎవరి చెల్లెలికి సంబంధం కుదిరింది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చింది. వేలమంది పోయారు. మాతో ప్రయాణం చేసే బాబాయ్‌ది అవనిగడ్డ వైపు. ట్రంక్ కాల్ బుక్ చేస్తే లైను దొరకదు, ఉత్తరం రావడానికి వారాలు. తర్వాత మేం గుడికి వెళ్ళిన రోజు దారి పొడుగునా ఆయన ఊళ్ళ పేర్లు చెబుతూనే ఉన్నారు. ఏ ఊరు సముద్రానికి ఎంత దూరం, ఏ ఇంటికి మేడ ఉంది, ఏ ఇంటికి లేదు. నేను చూడని ఊళ్ళు అవి. ఇప్పటికీ నాగాయలంక, కోడూరు అన్న పేర్లు వింటే నాకు ఆయన గొంతే వినిపిస్తుంది. బళ్ళో ఎవరూ చెప్పని ఆంధ్రదేశపు భూగోళం నాకు ఆ కారులోనే తెలిసింది.

ఎయిర్‌పోర్టు పనులూ దానివే. కొత్తగా దిగే కుర్రాడికి రెండు పెద్ద సూట్‌కేసులు, పల్చటి కోటు. ఇంటికి తీసుకొచ్చి, అద్దె గది దొరికేదాకా ఉంచుకుని, తర్వాత పాత మంచం ఒకటి వ్యాగన్‌లో వేసి వాళ్ళ గదికి చేర్చి వచ్చేవారు నాన్నగారు.

ఆ కార్లు ఎందుకు పోయాయంటే, 1975లో వచ్చిన చట్టం కార్లన్నీ తక్కువ పెట్రోలు తాగాలని షరతు పెట్టింది. పెద్ద వ్యాగన్లకు అది కష్టమైంది. 1983 చివర్లో క్రిస్లర్ కంపెనీ మినీవ్యాన్ తెచ్చింది. అది లెక్కలో చిన్న ట్రక్కు కిందికి వచ్చేది కాబట్టి షరతు కాస్త సడలింది. ఎత్తుగా, తేలిగ్గా, పక్కకు జరిపే తలుపుతో ఉండేది. జనం అటు వెళ్ళిపోయారు. 1996తో షెవర్లే, బ్యూయిక్ పెద్ద వ్యాగన్లు కూడా ఆగిపోయాయి.

పిల్లల భద్రత విషయంలో మాత్రం ఆ రోజులు తిరిగి రావాలని నేను కోరుకోను. వే బ్యాక్‌లో మేం బెల్టు పెట్టుకున్న గుర్తు లేదు. వెనక అద్దం దించి నడిపితే ఇంజను పొగ లోపలికి లాగేది. పిల్లలను ప్రత్యేకమైన సీటులో కట్టి కూర్చోబెట్టాలన్న చట్టం మొదట 1978లో టెనెసీ రాష్ట్రంలో అమలైంది. 1985 కల్లా అన్ని రాష్ట్రాల్లోనూ వచ్చింది. ఎన్నో ప్రాణాలు నిలిచాయి. నా మనవరాలు ఆ సీటులో కదలకుండా కూర్చుంటే నాకు నిశ్చింత. అయితే పిల్లలందరూ ముందుకే చూస్తూ, ఎవరి ఫోన్ తెర వాళ్ళు పట్టుకుని వెళుతుంటే, ఎదురుగా ఇంకొకరి ముఖం ఉండే ఆ రెండు సీట్లు మళ్ళీ ఎవరైనా భద్రంగా తయారు చెయ్యకూడదా అనిపిస్తుంది.

చివరిగా ఒక మాట అడుగుతాను. ఆ రోజుల్లో అమెరికా నుంచి ఇంటికి పంపిన ఫోటోల్లో చాలావాటిలో కుటుంబం కారు పక్కన నిలబడి ఉంటుంది. మంచులో, కోట్లు వేసుకుని, వెనక పొడుగాటి కారు. మీ ఇంట్లో, మీ అమ్మమ్మగారి పెట్టెలో అలాంటి ఫోటో ఉంటే దాని వెనక పెన్సిల్‌తో పేర్లు, ఏడాది రాసి పెట్టండి. ఫోన్‌తో ఒక ఫోటో తీసి, అందులో ఉన్న వాళ్ళకో వాళ్ళ పిల్లలకో పంపండి. వాళ్ళ దగ్గర ఆ ఫోటో ఉండకపోవచ్చు, ఎందుకంటే ఉన్న ఒక్క కాపీనీ ఇండియాకే పంపించేవాళ్ళు. పంపాక, ఆ రోజు కారులో ఇంకా ఎవరెవరు ఉన్నారో అడగండి.

నమస్కారం.