క్యాండీ పెరహెర: ఆ పేటికలో దంతం ఉండదు

(దృశ్యం: చీకటి వీధి. దూరం నుంచి కొరడాల చప్పుడు.)

ఈ చప్పుడు వినిపించిందంటే పెరహెర బయల్దేరినట్టే. శ్రీలంకలోని క్యాండీలో ఎసల నెల, అంటే మన ఆషాఢం పేరుతో, ఏటా జులై, ఆగస్టుల్లో జరిగే ఊరేగింపు ఇది. మొదటి ఐదు రాత్రులు కుంబల్, తర్వాతి ఐదు రందోలి. ఒక్క రాత్రే ఉండగలిగితే రందోలికే వెళ్లండి, ఏనుగులూ నర్తకులూ అప్పుడే ఎక్కువ. జనమూ ఎక్కువే అనుకోండి!

(దృశ్యం: ఎండు కొబ్బరితో మండే దివిటీలు. అలంకరించిన గజరాజు.)

అందరూ ఎదురుచూసేది ఈ దంతాల ఏనుగు కోసం. దాని మీది బంగారు పేటికలో బుద్ధుడి దంతం ఉందనుకుంటాం. ఉండదు. అసలు దంతం దాన్ని భద్రపరిచిన గుడి, దళదా మాళిగ దాటి రాదు. మూలవిరాట్టు గర్భగుడిలోనే ఉండి ఉత్సవమూర్తి తిరువీధులకు వచ్చినట్టే ఇదీ. ఏనుగు అడుగు కింద తెల్లబట్ట పరుస్తారు. వాళ్లు దాన్ని పావాడ అంటారు, మన పాత తెలుగులో నడపావడ!

(దృశ్యం: పటం. కళింగ నుంచి లంకకు గీత.)

కథ ప్రకారం నాలుగో శతాబ్దంలో కళింగ రాకుమారి హేమమాల ఈ దంతాన్ని జడలో దాచి లంకకు తెచ్చింది. అప్పటి కళింగ రాజధాని దంతపురం మన శ్రీకాకుళం జిల్లాలోదేనని కొందరు చరిత్రకారుల మాట, పూరీ అని మరికొందరు. మొదట్లో ఇది దేవుళ్ల ఊరేగింపే. పద్దెనిమిదో శతాబ్దంలో క్యాండీని ఏలిన కీర్తి శ్రీ రాజసింహుడు దంతాన్ని అందరికంటే ముందు నిలిపాడు. ఆయన తెలుగు మూలాలున్న నాయక్కర్ వంశపు రాజు.

(దృశ్యం: పేవ్‌మెంట్ మీద కుటుంబాలు.)

వెళ్లేవాళ్లకు కొన్ని మాటలు. ఉచితంగా చూడాలంటే మధ్యాహ్నమే చోటు పట్టుకోవాలి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి, తెల్లవైతే మరీ మంచిది. బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ వద్దు, అక్కడ అది పెద్ద తప్పు. ఏనుగుల కాళ్లకు గొలుసులు కనిపిస్తాయి. నాకైతే మనసు చివుక్కుమంది, దాచను.

(దృశ్యం: నెమలి ఈకల కావళ్లు.)

పేటిక దాటిపోగానే లేచిపోకండి. వెనకే నాథ, విష్ణు, కతరగమ, పత్తిని దేవాలయాల ఊరేగింపులు వస్తాయి. కతరగమ అంటే మన సుబ్రహ్మణ్యస్వామే, అందుకే ఈ కావళ్లు. అమ్మవారు పత్తిని వంతు అందరికంటే చివర. ఆడవాళ్ల నాట్యం చూడాలంటే అప్పటిదాకా కూర్చోవాల్సిందే.